వాల్‌నట్ రైఫిల్ మీద అలక

మా ఆయనకి కోపం రాదు. ఇంటికి రావలసిన కోపమంతా నా ఒక్కదాని వాటాకే వచ్చింది. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత జరిగింది వినడానికి సులువుగా ఉంటుంది.

డెబ్భైల చివర్లో మేం అమెరికాలో, బెంటన్‌విల్‌లో కాపురం పెట్టాం. అప్పటికది చిన్న ఊరు. పాలు కావాలన్నా కారు తీయాల్సిందే, నాకేమో ఇంకా డ్రైవింగ్ రాదు. ఆయన మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఊరు మొత్తానికి తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి పోట్లాటలైనా సర్దుబాట్లయినా మాలో మేమే కానిచ్చుకోవాలి. ఇప్పుడక్కడ వీధికి నాలుగిళ్ళు మనవాళ్ళవేనట. విని సంతోషించాను, కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

ఫ్యాక్టరీలో అందరూ ఆయనతో మర్యాదగానే ఉండేవారు. మర్యాదకేం లోటులేదు గానీ ఒక్కరూ దేనికీ రమ్మని పిలిచేవారు కాదు. రెండేళ్ళు అలా గడిచాక, ఆయన సెక్షన్‌లోని ఫోర్‌మన్ ఒక శనివారం ఊరి చివర తను నడిపే క్లబ్బువాళ్ళ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. కాలేజీలో ఎన్‌సీసీ చేసిన మనిషి కదా, మా ఆయన క్లబ్బువాళ్ళ పాత రైఫిల్ తీసుకుని వరసగా ఆరు డబ్బాలు పడగొట్టారట. ఆ రోజు ఇంటికొచ్చినప్పటి ఆయన మొహం నాకింకా గుర్తుంది. చెప్పిందే మూడుసార్లు చెప్పారు.

అప్పట్నుంచి ప్రతి శనివారం ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నేను మడత కుర్చీలో కూచుని ఫ్లాస్కులో కాఫీ తాగుతూ చూసేదాన్ని. చెవులకి దూది, ఒళ్ళో పులిహోర డబ్బా. ఎదురుగా గడ్డిమోపుల మీద అట్ట టార్గెట్లు. మిగతా ఆడవాళ్ళు నాకు యాపిల్ పై అనే తీపి ముక్క పెట్టేవారు, నేను వాళ్ళకి మిరపకాయ బజ్జీలు పెట్టేదాన్ని. ఒకావిడ కళ్ళనీళ్ళు కారుస్తూనే రెండోది కూడా తినేసింది. వారమంతా గోడలతో మాట్లాడే నాకు ఆ శనివారాలే ఊపిరి.

క్లబ్బు గోడమీద ఒక బోర్డుండేది. ఏటా వసంతంలో చుట్టుపక్కల ఊళ్ళ క్లబ్బులతో పోటీకి వెళ్ళే జట్టులోని నలుగురి పేర్లు దానిమీద రాసేవారు. ఒకరోజు కారెక్కబోతూ ఆయన, చేయరాని పని గురించి చెబుతున్నట్టు గొంతు తగ్గించి, “ఆ బోర్డు మీద నా పేరుంటే బావుణ్ణు” అన్నారు. అమెరికా వచ్చాక ఆయన నోటినుంచి నాకిది కావాలి అన్నమాట వినడం నాకదే మొదటిసారి.

డిసెంబరు మొదటి శనివారం సెలెక్షన్. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో నిమిషంలో పది గుళ్ళు, అలా మూడు విడతలు. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండే పేలుతుంది, తర్వాతి గుండు దానంతటదే లోపలికి ఎక్కుతుంది. సొంత రైఫిల్ ఉండాలి, క్లబ్బుది పనికిరాదు. అందుకని కొనడానికి బయల్దేరాం.

దుకాణం ముసలాయన కౌంటర్ మీద తివాచీ ముక్క పరిచి రెండు రైఫిళ్ళు పక్కపక్కన పెట్టాడు. ఒకటి చౌకరకం. మామూలు కర్రకి రంగు పూశారు, ట్రిగ్గర్ చుట్టూ ప్లాస్టిక్. ఊపితే లోపలేదో గలగలమంది. బురదలో పడేసి తీసినా పేలుతుంది అన్నాడాయన. రెండోది వాల్‌నట్, అంటే అక్రోటు కర్రది, పట్టుకునేచోట సన్నని గళ్ళు చెక్కి ఉన్నాయి, ఉక్కుభాగాలు ఒకదాన్నొకటి వెంట్రుకవాసి సందు లేకుండా పట్టుకున్నాయి. అది తీసి భుజానికి ఆనించుకున్న మా ఆయన మళ్ళీ కింద పెట్టలేదు.

“ఇంత బిగువుగా చేసినదానికి శుభ్రం ముఖ్యం. సరైన నూనె వాడితే మీ మనవల దాకా ఉంటుంది” అన్నాడు ముసలాయన.

“రెండూ డబ్బాలేగా కొట్టేది? దానికి వాల్‌నట్ ఎందుకండీ” అన్నాను నేను.

“ట్రిగ్గర్ చూడవే, ఎంత స్మూత్‌గా ఉందో. చౌకదాంట్లో నొక్కుతుంటే గన్ మొత్తం కదులుతుంది.”

“మీ చెయ్యి కదలకపోతే చాలు. ఆ రంగుకర్రది తీసేసుకోండి.”

“నీకేం తెలుసు దీని గురించి, కాసేపు ఊరుకో.”

తెలుగులోనే అన్నారు. అయినా ముసలాయనకి అర్థమైంది, చూపు దించుకుని తివాచీ సర్దడం మొదలుపెట్టాడు. ఆ సర్దడం చూసి నా ఒళ్ళు మండిపోయింది. వాల్‌నట్‌ది కొన్నారు. ఇంటికొచ్చి “కాస్త బొట్టు పెట్టు, కొత్త వస్తువు” అంటే, “నాకేం తెలుసు వాటి గురించి” అని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రెండువారాలు అలిగాను. కంచంలో అన్నం పెట్టేదాన్ని, మాట మాత్రం కలిపేదాన్ని కాదు. ఆయన రోజూ సాయంత్రం గుడ్డతో ఆ రైఫిల్ తుడుచుకుంటూ, మధ్యమధ్య నావైపు చూసేవారు. ఈయన పెళ్ళి చేసుకున్నది నన్నా, ఆ కర్రనా అని లోపల్లోపల రగిలిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నిజంగానే ఏడ్చాను.

సెలెక్షన్ ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, నా పంతం నాకే విసుగొచ్చింది. రేపు ఆయనకి పెద్దరోజు. సారీ చెప్పడానికి నాకు నోరు రాదు, పుట్టుబుద్ధి. రైఫిల్ ఉంచే బీరువా తీసి చూస్తే, దానికి ఆయన వాడే నూనెసీసా అడుగంటి ఉంది. నూనెకేం భాగ్యం అనుకున్నాను. మా పుట్టింట్లో కుట్టుమిషన్‌కి అమ్మ ఎప్పుడూ కొబ్బరినూనే వేసేది, చక్రం గిర్రున తిరిగేది. డబ్బాలో గడ్డకట్టిన కొబ్బరినూనె గిన్నెలో వేసి పొయ్యిమీద కరిగించాను. ఆయన రోజూ చేసేది చూశాను కదా, గుండు లేదని రెండుసార్లు చూసుకుని, గుండుని లోపలికి తోసే బోల్టు వెనక్కి లాగి, సందుసందునా ధారగా పోశాను. లాగి వదిలితే టకటకమని ఆడింది. కర్రమీద చిన్న కుంకుమబొట్టు పెట్టి బీరువాలో ఎప్పటిలా ఉంచాను.

ఆయన ఆఫీస్ నుంచి వచ్చి చూసుకుని, బొట్టు మీద వేలు పెట్టి నిలబడిపోయారు. “పెట్టావా” అన్నారు. “పెట్టాను” అన్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మామూలుగా మాట్లాడుకున్నాం. పొద్దున మర్చిపోకూడదని రైఫిల్ రాత్రే కార్ ట్రంక్‌లో పెట్టేశారు.

తెల్లారేసరికి గడ్డిమీద మంచు పేరుకుంది. రేంజ్‌లో నోరు తెరిస్తే పొగ. ఫోర్‌మన్ విజిల్ వేశాడు. ఆయన మొదటి గుండు సరిగ్గా నడిమధ్యకి తగిలింది. రెండోది పేలలేదు. బోల్టు సగంలో ఆగిపోయి, పేలిన గుండు ఖాళీ తొడుగు దాని నోట్లో ఇరుక్కుంది. చేత్తో లాగి తీసి మళ్ళీ కాల్చారు, మళ్ళీ ఇరుక్కుంది. నిమిషం అయ్యేసరికి పదింటికి నాలుగు. పక్కనున్న కుర్రాడు రంగుకర్ర చౌక రైఫిల్‌తో పదికి పదీ పేల్చి చూయింగ్ గమ్ నములుతున్నాడు.

నేను కుర్చీలోంచి లేచి దగ్గరికెళ్ళాను. బోల్టు సందులో తెల్లగా, కొవ్వొత్తి మైనంలా పేరుకుని ఉంది. చలికి డబ్బాలో గడ్డకట్టే నూనె తుపాకీలో మాత్రం గడ్డకట్టదా. ఆయన వంగి ఒకసారి లోపలికి చూసి, బోల్టు మూసేశారు.

“ఏమైంది?” అని ఫోర్‌మన్ వచ్చాడు.

“రైఫిల్ నాకు సరిపడలేదు. కొనడంలో నేనే తప్పుచేశాను” అన్నారు ఆయన, ఇంగ్లీషులో, నెమ్మదిగా. మిగతా రెండు విడతలూ కాల్చనన్నారు. ఫోర్‌మన్ ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. బోర్డు మీద నాలుగో పేరు ఆ కుర్రాడిది రాశారు.

నేను నోరు విప్పలేదు. విప్పనిది చాలక, కార్‌లో “నేను ఆరోజే చెప్పాను కదా, చౌకదే నయమని” అన్నాను. భయమేసినప్పుడు నా నోరు అలాగే వాగుతుంది. ఆయన రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా, “అవును, నువ్వన్నదే కరెక్ట్” అన్నారు. ఆ మాటకి తిట్టినా బావుండేదనిపించింది.

బుధవారం సాయంత్రం, “పద, గన్ షాప్‌కి వెళ్ళొద్దాం” అన్నారు. తిరిగిచ్చేస్తారు కాబోలనుకున్నాను. ముసలాయన విప్పి చూస్తాడు, అన్నీ బయటపడతాయి. దారంతా చేతులు నలుపుకుంటూ కూచున్నాను. దుకాణం ముందు కారు ఆపగానే ఇక నావల్ల కాలేదు.

“తిరిగివ్వకండి. తప్పు దానిది కాదు. శుక్రవారం నేనే దాంట్లో కొబ్బరినూనె పోశాను.”

“తెలుసు” అన్నారు.

“ఎప్పుడు తెలిసింది?”

“రెండో గుండు ఇరుక్కున్నప్పుడే. బోల్టు లాగితే నీ జడ వాసన వచ్చింది. ఇప్పుడు తిరిగివ్వడానికి రాలేదే, అది కడిగే మందు కొనుక్కుందామని వచ్చాం.”

“మరి ఫోర్‌మన్ అడిగితే చెప్పొచ్చుగా? ఇంకో ఛాన్స్ ఇచ్చేవాడేమో కదండీ.”

“ఇచ్చేవాడేమో. కానీ చెబితే అందరూ నవ్వేవాళ్ళు. నీ సంగతి నాకు తెలీదా, మళ్ళీ శనివారం నువ్వు ఆ గడప తొక్కవు. వారానికి ఒక్కరోజు నువ్వు మనుషుల్లో నవ్వేది అక్కడే.”

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆయనకేం చేయాలో తోచక వైపర్లు వేసి ఆపారు. వాన కూడా లేదు.

ఆ శనివారం రేంజ్‌కి వెళ్ళగానే కారు దిగి, తిన్నగా ఫోర్‌మన్ దగ్గరికి నడిచాను. ఆయన వెనకనుంచి పిలుస్తున్నా ఆగలేదు. చుట్టూ పదిమంది ఉన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, ఆ రైఫిల్ మంచిది, మా ఆయన గురి ఇంకా మంచిది, తలకి రాసుకునే నూనె దాంట్లో పోసింది నేను అని చెప్పాను. ఒక్కక్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ నవ్వు రేంజ్ అంతా పాకింది. ఫోర్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు. లిస్టు మాత్రం ఫైనల్ అయిపోయిందన్నాడు, మార్చడం కుదరదన్నాడు. ఆ తర్వాతి ఏడాది ఫ్యాక్టరీ మమ్మల్ని ఎక్కడో దూరాన ఉన్న ప్లెయిన్స్‌బరో దగ్గరికి పంపింది. ఆయన పేరు ఆ బోర్డు ఎక్కనే లేదు.

ఆ చలికాలమంతా నన్ను ఏడిపించారు. ఎవరి రైఫిల్ మొరాయించినా నావైపే చూసేవారు. చెవులు కాలిపోయేవి, ఇంటికెళ్ళిపోదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అటు చూస్తే ఆయన గురి మానేసి, నేను కుర్చీలోనే ఉన్నానా లేదా అని తల తిప్పి చూస్తుండేవారు. నేను కదలకుండా కూచునేదాన్ని.