మే నెలలో మూడు కంబళ్లు

దస్తగిరమ్మ కంటపడితే మనిషికి కంబళి తప్పదు. చలికాలమా, ఎండాకాలమా అన్న పట్టింపు ఆమెకు లేదు. కమలాపురం దగ్గర మా చిన్న మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి ఆమె ఆయా, నేను కాంపౌండరు ప్రేమయ్యను. పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం మాట ఇది. ఆ గదిలోకి రోగి పోవడం నేనెప్పుడూ చూడలేదు. కంబళ్ల మూట పోయేది. లోపల మనిషున్నాడని మూలుగును బట్టి తెలిసేది.

తప్పు మా పాత డాక్టరు దొరసానమ్మది. ఒక జనవరి చలిలో, "మత్తిస్తే ఒళ్లు చల్లబడుతుంది, అది ప్రాణానికే ముప్పు. రోగిని వెచ్చగా ఉంచి తీసుకురా" అని చెప్పి, ఆ ఏడే ఇంగ్లండు వెళ్లిపోయింది. ఎండాకాలం వస్తే ఏం చెయ్యాలో చెప్పడం మరిచింది. దస్తగిరమ్మ పన్నెండేళ్లుగా ఆ మాట మీదే నిలబడింది. కురుబలు నేసిన కంబళ్లు మూడు, పొయ్యిలో కాల్చి గుడ్డ చుట్టిన ఇటుకలు రెండు. ఆ కంబళ్ల గొర్రె వాసనకే రోగికి సగం మత్తెక్కి, మాకు క్లోరోఫారం ఆదా అయ్యేది.

ఒక ఎండాకాలం పుల్లయ్య అనే రైతు తమ్ముడికి తోడుగా వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను తిరిగి చూసేసరికి అతనికి మెడదాకా కంబళి, కాళ్ల కింద ఇటుక.

"యమ్మా, కోసేది నన్ను కాదు, నా తమ్మున్ని!"

"వణికేది నువ్వే గదప్పా. ఊరికే కూకో."

కూర్చున్నాడు పాపం. మేము వారం రోజులు అదే చెప్పుకుని నవ్వాం.

మద్రాసులో చదివి కొత్తగా వచ్చిన శాంతయ్య డాక్టరుకు ఈ సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పిన మహానుభావుణ్ణి నేనే. మే నెల. బయట బండలు కాలుతున్నాయి. ఆయన ఆమెను పిలిపించాడు.

"చలికాలంలో ఎన్నయినా కప్పు. ఈ ఎండల్లో కంబళి కనిపించిందా, నీకు ఉద్యోగం ఉండదు."

"అట్లేలేయ్యా" అని ఆమె కంబళ్లు మడిచి పెట్టెలో పెట్టింది. నేను మీసం మెలేశాను.

ఆ మీసం వారమే నిలిచింది. ఎన్నాళ్లుగానో దాస్తున్న నా వరిబీజం ఇక పంచెలో దాగనని మొరాయించింది. 'ఇదెంత పని' అని ఆపరేషన్ గది ముందు బల్ల మీద దర్జాగా పడుకున్నాను. లోపల కత్తులు నీళ్లలో ఉడుకుతున్న చప్పుడు వినపడింది. రోజూ వాటిని ఉడికించేది నేనే. అయినా నా మోకాళ్లు ఒకదాన్నొకటి కొట్టుకోసాగాయి. బల్ల కూడా నాతోపాటు వణికింది. వార్డులో జనమంతా చూడ్డానికి తలుపు దగ్గర చేరారు. సిగ్గుతో చచ్చిపోయాను.

దస్తగిరమ్మ వచ్చింది, చంకలో మూడు కంబళ్లతో.

"వద్దమ్మా, నీ పని పోతాది" అన్నాను, పళ్లు టకటకలాడుతుంటే.

"పోతే పోనీలే." మెడదాకా కప్పి, చెవి దగ్గర వంగింది. "బయమంటే నలుగురూ నవ్వుతారప్పా. చలంటే ఎవురూ నవ్వరు. ఎండాకాలం నేను కప్పేది దానికే."

తర్వాత జనం మీద విరుచుకుపడింది. "ఏం చూస్తాండారు? కాంపౌండరప్పకు చలి పుట్టిండాది. పోండి ఈడ్నించి!"

పన్నెండేళ్లు ఆమెను చూసి నవ్వినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. చేతులు కంబళి లోపల ఉండిపోయాయి.

అంతలో డాక్టరు బయటికి వచ్చాడు. ముఖమంతా చెమట. "ఏమిటిది?"

"చలయ్యా" అంది దస్తగిరమ్మ.

"చలే సార్. శానా చలి" అన్నాను నేను.

ఆయన ఆమెను చూశాడు, కదులుతున్న బల్లను చూశాడు. నుదురు తుడుచుకున్నాడు.

"అలాగా. మరి ఇటుకలేవీ?" అన్నాడు.

నా పని బాగానే జరిగింది, ఆమె ఉద్యోగమూ నిలిచింది. మరుసటి నెలలో డాక్టరుగారికి పన్ను పోటు. ఆ ఆసుపత్రిలో పళ్లు పీకేది నేను. పట్టకారు తీసుకుని దగ్గరికి వెళితే, ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఆ మండే ఎండలోకి ఒకసారి చూశాడు.

"ప్రేమయ్యా, ఈ రోజు కొంచెం చలిగా లేదూ?"

నేను దస్తగిరమ్మను కేకేశాను.