అరను కుడివైపుకు జరిపిన రోజు

ఆఫీసులో ఆవిడకు మార్పులక్క అని పేరు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. కొత్త కుర్చీ వస్తే ముందు దాని చేతులు ఊడదీస్తుంది. కొత్త ఫోను వస్తే మొదటి రోజంతా సెట్టింగుల్లోనే కాపురం. పుట్టుకతోనే ఎడమచేతి వాటం. తండ్రి దర్జీ. ఆయన కత్తెర కుడిచేతివాళ్లది కావడంతో చిన్నప్పుడు ఆవిడ గుడ్డను కత్తిరించబోతే నమిలినట్టయ్యేది. ఆయన తిట్టలేదు, చెయ్యి మార్చుకోమనీ అనలేదు. కమ్మరి దగ్గర కూర్చుని, ఎడమచేతికి సరిపోయే కత్తెర చేయించి తెచ్చాడు. పనిముట్లు మారతాయన్న సంగతి అంత చిన్న వయసులో తెలిసిపోతే ఆ మనిషి ఇక ఊరుకుంటుందా?

ఇప్పుడు ఆవిడ పనిముట్టు కత్తెర కాదు, జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన ఒక సాఫ్ట్‌వేర్. ఊళ్లోని రక్తపరీక్షల ల్యాబులన్నీ ఫలితాలను తలో రకంగా పంపుతాయి. ఒకరు తేదీ ముందు రాస్తారు, ఒకరు చివర రాస్తారు, ఒకరు రోగి పేరూ ఇంటిపేరూ కలిపి ముద్ద చేస్తారు. వాటన్నిటినీ శుభ్రం చేసి, పొద్దున డాక్టర్లు వార్డుల్లోకి వచ్చేసరికి పెద్దాసుపత్రి కంప్యూటర్లో ఒకే వరసలో ఉంచాలి. సమాచారం నడిచే ఆ దారిని తెరమీద డబ్బాలుగా, బాణాలుగా గీయడమే ఆవిడ ఉద్యోగం. ప్రతి డబ్బా ఒక పని చేస్తుంది, బాణం దాన్ని తర్వాతి డబ్బాకు అందిస్తుంది. ఆవిడ చెల్లెలు వీటిని "మా అక్క బొమ్మలు" అంటుంది. పెద్ద తప్పేమీ కాదు.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు, కావలసిన డబ్బాలను ఏరుకునే అర తెరకు కుడివైపున ఉండేది. ఆవిడ మొదటి రోజే దాన్ని ఎడమకు లాగేసింది. ఉన్న డబ్బాలు చాలక సొంతంగా కొన్ని తయారుచేసింది. పనికిరాని వరసలను ఏరేసేది జల్లెడ. నాలుగు ల్యాబులను ఒకటిగా కలిపేది గరాటు. ఒకే ఫలితం రెండోసారి వస్తే పట్టిచ్చేది చాడీ.

"ఇదేం పేరక్కా?" అని ఎవరైనా అంటే, "ఫలానావాళ్లు మళ్లీ వచ్చారని చెప్పడమే కదా దాని పని" అనేది.

పక్క బల్ల యథాతథం గారిది. రిటైరవడానికి దగ్గర పడ్డ మనిషి. ఏ సాఫ్ట్‌వేరైనా ఎలా వచ్చిందో అలాగే వాడతాడు, అందుకే ఆ పేరు. ఆయన తెరమీద ఇప్పటికీ కంపెనీవాడు ఇచ్చిన కొండ బొమ్మే ఉంటుంది.

"వాళ్లేదో ఆలోచించే పెట్టుంటారు కదమ్మాయ్" అంటాడు. యాభై దాటిన ఆవిడను అమ్మాయ్ అని పిలిచేవాడు ఆ భవనంలో ఆయనొక్కడే.

"ఎవరూ ఆలోచించలేదు బాబాయ్. ఎవడో ఇంటికెళ్లే తొందరలో పెట్టేసి పోయుంటాడు."

వీళ్లది ఎప్పటికీ తెగని తగువు. ఆవిడ మీటింగులో ఇరుక్కుంటే ఆవిడ టీ చల్లారకుండా సాసరు మూతపెట్టేది మాత్రం ఆయనే.

ఆ వారం తగువుకు తీరిక లేదు. పైఊళ్లో ఉన్న చెల్లెలికి సోమవారం మోకాలి ఆపరేషను. ఒంటరి మనిషి. లోగడ ఆవిడ రెండుసార్లు వస్తానని మాటిచ్చి వెళ్లలేదు. రెండుసార్లూ ఆఫీసులో ఏదో డబ్బా మొరాయించింది, చూసేవాళ్లు లేరు.

"నువ్వు రావులే అక్కా" అంది చెల్లెలు ఫోన్లో. కోపంగా అన్నా బాగుండేది. రైలు ఆలస్యమని చెప్పినంత మామూలుగా అంది. "నర్సమ్మతో మాట్లాడుకున్నా. నీ బొమ్మలు నువ్వు చూసుకో."

"వస్తున్నా."

"సర్లే, చూద్దాం."

పైఅధికారి సెలవు కాదనలేదు గానీ ఒక షరతు పెట్టాడు. ఆవిడ లేనన్నాళ్లూ పని చూడబోయే యథాతథం గారు మొత్తం తన కంప్యూటర్లో ఒక్కసారి నడిపి చూపించాలి, అప్పుడే సంతకం. ఉద్యోగంలో తన అవసరం లేకుండా చేసుకోవడమే గొప్పతనమని మేనేజ్‌మెంట్ పుస్తకాలు చెబుతాయి. అవి రాసేవాళ్లు ఎవరికీ ఏదీ అప్పగించి ఉండరు.

శుక్రవారం ఆవిడ తన ఏర్పాటంతా ఆయన కంప్యూటర్లోకి ఎక్కించింది. అది తెరుచుకోనే లేదు.

"నేనేం ముట్టుకోలేదమ్మాయ్" అన్నాడాయన, రెండు చేతులూ పైకెత్తి.

తప్పు ఆవిడదే. జావా ఎంత మెమొరీ వాడుకోవచ్చో ముందే ఒక చిన్న ఫైల్లో రాసిపెట్టాలి. ఆవిడ తన కొత్త కంప్యూటర్‌కు ధారాళంగా రాసుకున్న అంకెను ఈ పాతదాని నెత్తిన అలాగే పెట్టింది. దానిలో ఉన్న మెమొరీయే అంత లేదు. అంకె తగ్గించింది. ఈసారి తెరుచుకుంది. కానీ జల్లెడ, గరాటు, చాడీ ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ డబ్బా, దానిమీద ఎర్ర అడ్డగీత. ఆవిడ సొంత డబ్బాలు ఒక ఫోల్డర్లో ఉంటాయి. ఆ ఫోల్డరు ఎక్కడుందో సెట్టింగుల్లో చెప్పాలి. ఆ చిరునామా ఆవిడ కంప్యూటర్‌ది. ఇన్నేళ్లలో వేరే కంప్యూటర్లో పెట్టి చూడాలని ఆవిడకు తోచనే లేదు.

దాన్నీ సరిచేసింది. ఇక నడిపించాల్సింది ఆయన. మౌసు పట్టుకుని, కావలసిన డబ్బా కోసం కుడివైపుకు వెళ్తాడు, అక్కడ ఏమీ ఉండదు. తెర దాటి ఎడమకు వస్తాడు, వచ్చేలోగా దేనికోసం వచ్చాడో మరిచిపోతాడు. సాయంత్రం కావస్తోంది. ఆవిడ ఆయన చేతిని చూస్తూ కూర్చుంది. ఆ తడబాటు ఆవిడకు కొత్తది కాదు. వేరేవాళ్ల చేతికి చేసిన వస్తువును పట్టుకున్న చెయ్యి అలాగే ఉంటుంది.

"లేవండి బాబాయ్. నా మార్పులన్నీ తీసేస్తా. మళ్లీ కంపెనీ పద్ధతిలోనే గీస్తా."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"నెల పట్టచ్చు."

"మరి చెల్లెలు?"

ఆవిడ అప్పటికే ఒక జల్లెడను చెరిపేసి, దాని స్థానంలో కంపెనీ డబ్బాలు మూడు పేరుస్తోంది. చూసుకోకుండా ఒక బాణాన్ని వెనక్కి తగిలించింది.

"ఆగు" అన్నాడాయన. "ఆ జల్లెడను ఉండనీ. నాకది అర్థమవుతుంది. ఈ మూడూ ఏం చేస్తాయో నాకు ఇన్నేళ్లుగా తెలియదు, నీకు చెప్పలేదంతే." తెర ఎడమ అంచును వేలితో చూపించాడు. "ఈ అర ఉంది చూశావూ, దీన్ని కుడివైపు పెట్టచ్చా?"

"పెట్టచ్చు. లాగండి."

"నేనా?"

"మీ చేతివాటం నాకేం తెలుసు బాబాయ్? మీరే లాగండి."

ఆయన అర పైఅంచును పట్టుకున్నాడు. వేడి గిన్నెను దించుతున్నవాడిలా ఊపిరి బిగబట్టి, తెర ఈ కొస నుంచి ఆ కొసకు తీసుకెళ్లి వదిలాడు. అది అక్కడ కూర్చుంది. ఏమీ పేలలేదు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"రోజూ చెబుతూనే ఉన్నాను."

ఆ తర్వాత ఆయన ఇంకో రెండు మార్చాడు, ఎవరూ అడగకుండానే. అక్షరాలు పెద్దవి చేశాడు, డబ్బాల వెనక ఉన్న బూడిదరంగు తీసేశాడు. ఆవిడ చెరిపిన జల్లెడను తిరిగి పెట్టింది. ఆయన పని మొదలుపెడితే ఆకుపచ్చ గీతలు వరసగా వెలుగుతూ చివరిదాకా వెళ్లాయి. పైఅధికారి నిలబడే సంతకం పెట్టేశాడు.

సోమవారం ఆపరేషను అయింది. మర్నాడు పొద్దున చెల్లెలి మంచం పక్కన ఆవిడ ఫోను మోగింది.

"కంగారుపడకు" అంటూ మొదలుపెట్టాడు యథాతథం గారు, దాంతో ఆవిడకు కంగారు పట్టుకుంది. ఒక ల్యాబు రాత్రికి రాత్రి తేదీ రాసే పద్ధతి మార్చేసిందట. తేదీ అర్థంకాక జల్లెడ వాళ్ల ఫలితాలన్నిటినీ అవతల పారబోసిందట.

ఆవిడ చెయ్యి సంచిలోని లాప్‌టాప్ మీదికి వెళ్లింది. చెల్లెలు చూసింది. చూసి, కిటికీవైపు తిరిగి పడుకుంది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీరేం చేద్దామనుకుంటున్నారు బాబాయ్?"

అవతల మౌసు రెండుసార్లు టక్కుమంది.

"జల్లెడకు ముందు ఇంకో డబ్బా పెట్టి తేదీని తిరగేస్తే?"

"పెట్టండి."

"నువ్వు ఒకసారి చూస్తే..."

"చూడను. డాక్టర్లు వచ్చేలోగా నడవకపోతే ల్యాబుకు ఫోన్ చేసి కాగితాలు తెప్పించండి. నాకు చెయ్యకండి."

"తిడుతున్నావా?"

"లేదు బాబాయ్. ఇక్కడ పనుంది."

ఫోను కట్టేసి, సంచి జిప్పు లాగి, మంచం కిందికి తోసింది. డాక్టరు పొద్దున్నే నాలుగు అడుగులు వేయించమన్నాడు. చెల్లెలు ఇటు తిరిగింది.

"ఆయనకు చేతనవుతుందా?"

"ఏమో."

"మరి?"

"కాలు కింద పెట్టు" అంది ఆవిడ, చెల్లెలి నడుం చుట్టూ చెయ్యి వేసి. "బరువు నామీద వెయ్యి."