అక్కి అనుకుని పూయించిన మచ్చ

మా మనవరాలు రేణుక ఫ్రాన్స్ నుంచి వచ్చిన మూడో రోజున దాని మోకాలి వెనక ఎర్రటి మచ్చ చూశాను. అరచేయంత ఉంది. చుట్టూ గీత గీసినట్టు ఎరుపు, మధ్యలో తెలుపు. నొప్పి లేదు, దురద లేదు.

"ఏటే ఇది?"

"సైకిల్ సీటు రాపిడి అయ్యుంటాది, అమ్మమ్మా."

నా దగ్గరే పెరిగిన పిల్ల. అక్కడ చదువు అయ్యాక స్నేహితురాలితో కలిసి మూడు వారాలు సైకిల్ తొక్కిందట, కాలువ గట్ల మీదుగా, గోధుమ చేల మధ్యగా. పొద్దుగూకితే గడ్డిలో టెంటు వేసుకునేవారట. ఇంటికొచ్చినా కాళ్ళు నిలవలేదు. రోజూ రామతీర్థం దాకా సైకిల్ మీద పోయి వచ్చేది.

నేను ఆ మచ్చను అక్కి అనుకున్నాను. మా వైపు అక్కి వస్తే కుమ్మరి చేత జేగురుతో, అంటే ఎర్రమట్టితో, రాయిస్తాం. ఈపాటి దానికి ఆసుపత్రి దండగని నేనే లాక్కెళ్ళాను. కుమ్మరి నసిగాడు.

"అక్కికి పొక్కులుంటాయి గదమ్మా. దీనికి నేవు."

"వచ్చేదాకా ఆగాలేటి? రాసీ నాయినా."

రాశాడు. మూడు రోజులు కడగనివ్వలేదు.

తర్వాత జ్వరం, ఒళ్ళు నొప్పులు. విజయనగరం డాక్టరు రక్తం తీయించారు. మలేరియా లేదు, డెంగ్యూ లేదు. "వైరల్ ఫీవర్," అన్నారు. కాలి మీది ఎరుపేమిటని అడిగితే రేణుక చెప్పబోయింది. తిడతారని నేనే అడ్డం పడి, "ఉత్త పూత బాబూ," అనేశాను.

జ్వరం తగ్గింది. పది రోజులకు, రేణుక కాఫీ తాగుతుంటే పెదవి మూల నుంచి కారిపోయింది. ఎడమ కన్ను మూతపడలేదు. అద్దంలో చూసుకుని, "అమ్మమ్మా, నా మొగం ఇలాగే ఉండిపోతాదేటి?" అంది. ఆ పూటే సంచి సర్దాను.

విశాఖపట్నం రైలెక్కాం. కొత్తవలసలో ఆపేశారు. కూర్చోలేక తలుపు దాకా వెళ్ళి వస్తూనే ఉన్నాను.

"కూకో అమ్మమ్మా, నువ్వు నడిస్తే రైలు కదల్దు," అంది, ఆ వంకర మూతితోనే.

న్యూరాలజిస్టు చూసి ఫేషియల్ పాల్సీ, ముఖం నరం చచ్చుబడింది అన్నారు. ఈ మధ్య ఎక్కడ తిరిగావని అడిగారు. విన్నాక, "ఒంటి మీద గుండ్రంగా ఎర్ర మచ్చ వచ్చిందా?" అన్నారు. రేణుక నా వైపు చూసింది.

"వచ్చింది బాబూ. నేనే జేగురు పూయించి కప్పెట్టాను. ముందు డాక్టరుకీ సెప్పనివ్వలేదు."

ఆయన తిట్టలేదు. కాగితం ఇచ్చి మచ్చ ఎలా ఉందో గీయమన్నారు. గీశాను. "లైమ్ డిసీజ్ అయి ఉండొచ్చు. అక్కడి గడ్డిలో రక్తం పీల్చే పిడుదులు కరిస్తే వస్తుంది," అన్నారు. రక్త పరీక్షలోనూ అదే తేలింది.

డాక్సీసైక్లిన్ మూడు వారాలు. మొదట వాంతులు. అన్నం తిన్నాకే మాత్ర ఇవ్వడం మొదలుపెట్టాను. రెండు వారాలైనా మూతి కదల్లేదు. "నరం మెల్లగా తేరుకుంటుంది, తొందరపడకండి," అన్నారు డాక్టరు. నాకు తొందరే. గంటకోసారి నవ్వి చూపించమనేదాన్ని.

"నీ మొగం సూస్తే నవ్వెలాగొస్తాది?" అనేది.

నెలన్నరకు కన్ను మూతపడింది. ఇప్పుడు ముఖం బాగానే ఉంది. అలసిపోతే మాత్రం ఎడమ పెదవి కొంచెం వెనకబడుతుంది. మళ్ళీ సైకిల్ తీసింది, పాతపట్నం దాకా పోతానంటోంది. వద్దనలేదు. తిరిగొచ్చాక పిడుదు గానీ మచ్చ గానీ ఉందేమోనని మోకాళ్ళ వెనక, మెడ వెనక నేనే వెతుకుతాను.

తెలియని మచ్చ కనబడితే దాని మీద ఏమీ పూయకండి. పూసేసి ఉంటే డాక్టరు అడక్కముందే చెప్పండి. తిడితే తిట్టించుకోండి.