పాపను పట్టుకున్న చేతులు

మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఒక్కరు కూడా ఫోటోలో ఉన్నది ఉన్నట్టుగా పడడానికి ఒప్పుకోరు. ఆదోనిలో మాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ కెమెరా తీసుకుని మా ఆయన పోతాడు. షాపులో కూర్చుని వచ్చినవాళ్లను ఫోటో తీయడం, తీసినవాటిని కంప్యూటర్లో సరిచేయడం నా పని. బయటివాళ్లు పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుని నోరెత్తకుండా పోతారు. మనవాళ్లతోనే తల ప్రాణం తోకకొస్తుంది. మా మేనత్తకు మెడ కింద ముడతలు ఉండకూడదు. మా చిన్నాన్నకు ఎప్పుడో రాలిపోయిన జుట్టు మళ్లీ మొలవాలి. నాతో బడిలో చదివిన స్నేహితురాలు ఒకతి ఉంది. ముఖం తెల్లగా చేయమంటుంది. చేసి చూపిస్తే ఇంకొంచెం అంటుంది. ఇంకొంచెం చేస్తే, ఇది నేను కాదు కదే అంటుంది. నువ్వే కావాలంటే ఆ నలుపు కూడా నీదేనే తల్లీ, తీసుకుపో అని తిడతాను. పడీ పడీ నవ్వుతుంది, మళ్లీ వస్తుంది.

ఇవన్నీ నవ్వుకుంటూ చేసే పనులు. నవ్వు లేకుండా చేసేది ఒకటుంది. మా వైపు ఎవరైనా పోతే గోడకు తగిలించడానికి పటం కట్టించుకుంటారు. తీరా చూస్తే ఆ మనిషి ఒంటరిగా దిగిన ఫోటో ఉండదు. ఏ పెళ్లిలోనో నలుగురి మధ్య నిలబడిందో, భార్య పక్కన కూర్చున్నదో తెస్తారు. అందులోంచి ఆ ఒక్క మనిషినే వేరు చేయాలి. దండ వేసే పటంలో బతికున్నవాళ్లు ఉండకూడదు. మనిషే కాదు, చీర చెంగు, భుజం మీద వేసిన చెయ్యి, ఏదీ మిగలకూడదు. ఆ దండ వాళ్లకు కూడా పడినట్టే అని భయం. ఒకసారి ఆస్పరి నుంచి ఒకాయన వాళ్ల నాన్న పటం చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. ఒక మూలన అగ్గిపుల్లంత గాజుల చెయ్యి ముక్క మిగిలిపోయింది. అది తన చెయ్యేనని వాళ్లమ్మ అన్నం మానేసిందట. అప్పటినుంచి మూలమూలలా చూసుకుని గానీ ప్రింటు ఇవ్వను. ఆ నమ్మకం నీకుందా అని నన్నెవరూ అడగలేదు. మా చెల్లెలి కూతురు పోయేదాకా నేనూ ఆలోచించలేదు.

చెల్లెల్ని ఎమ్మిగనూరులో ఇచ్చాం. మగ్గాల ఇల్లు. మరిది నేస్తాడు, చెల్లెలు కండెలకు నూలు చుడుతుంది. దాని అత్తకు నోరు పెద్దది గానీ మనసు చెడ్డది కాదు. పెళ్లయిన చాలా ఏళ్లకు పాప పుట్టింది. పుట్టిన కొన్నాళ్లకే, గుండెలో చిల్లు ఉందన్నారు కర్నూలు డాక్టర్లు. కొంచెం బరువు పెరగనీ, ఆపరేషన్ చేద్దామన్నారు. ఇక ఆ ఇంట్లో అందరికీ అదొక్కటే ధ్యాస, పాప బరువు. పాప రాగిజావ తాగితే చెల్లెలు నాకు ఫోన్ చేసి చెప్పేది. కక్కితే చెప్పేది కాదు. ఫోన్ రాని రోజు నాకు సంగతి తెలిసిపోయేది.

పాపకు తనంతట తను కూర్చోవడం రాలేదు. మెడ నిలిచింది గానీ నడుము నిలవలేదు. కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోయేది. అందుకని ఎప్పుడూ ఎవరో ఒకరు ఎత్తుకునే ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎక్కువగా చెల్లెలే. ఒక చంకన పాపను పెట్టుకునే వంట చేసేది, నీళ్లు పట్టేది, వాకిలి ఊడ్చేది.

మొదటి పుట్టినరోజుకు ఫోటో తీయించుకోవడానికి ఆదోనికి వచ్చారు. నేను కొనిపెట్టిన గౌను తొడిగింది చెల్లెలు. పసుపు గౌను, దాని నిండా చిన్న చిన్న ఎర్ర పూలు. చంటిపిల్లల్ని తీసేటప్పుడు మా స్టూడియోలో ఒక ఉపాయం చేస్తాం. కుర్చీలో తల్లిని కూర్చోబెట్టి, వెనకాల ఉండే తెర రంగు దుప్పటే ఆమె మీద కప్పి, ఒళ్లో బిడ్డను పెడతాం. ఫోటోలో బిడ్డ ఒక్కటే కూర్చున్నట్టు కనిపిస్తుంది. చెల్లెలి మీద కూడా అలాగే దుప్పటి కప్పాను. లోపల ఉడికిపోతాండానక్కా, బిన్నా తియ్యి అని గొణుగుతూ తొందరపెట్టింది. ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియక పాప తెల్లబోయింది. చెల్లెలు దుప్పటి లోపల నుంచే దాన్ని ముద్దు పేరుతో పిలిచింది. పాప నవ్వింది. అది అంత నోరు తెరిచి నవ్వగా నేను చూసింది అప్పుడే. నవ్వి నవ్వి ఒరిగిపోబోతే, చెల్లెలు దుప్పటిలోంచి రెండు చేతులూ బయటికి చాచి చంకల కింద పట్టుకుంది. సరిగ్గా అప్పుడు ఫోటో పడింది. చేతులు తర్వాత తీసేస్తాలే అన్నాను. ఉండనీలే అక్కా, నవ్వింది కదా, అది చాలు అంది. అలాగే ప్రింటు వేసిచ్చాను.

పాప బరువు పెరగలేదు. ముసురు పట్టిన రోజుల్లో జలుబు చేసింది, జలుబు జ్వరమైంది, జ్వరం ఆయాసమైంది. కర్నూలుకు కారులో తీసుకుపోతుంటే, కోడుమూరు దాటాక, చెల్లెలి ఒళ్లోనే పోయింది. చెల్లెలికి తెలియలేదు. నిద్ర పట్టిందనుకుని కర్నూలు చేరేదాకా వీపు నిమురుతూనే ఉంది. పక్కనున్న మరిదికి తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. ఇదంతా నాకు చెప్పింది మరిదే. చెల్లెలు ఇప్పటికీ ఆ ప్రయాణం గురించి ఒక్క మాట ఎత్తలేదు.

కొన్ని వారాలు పోయాక చెల్లెలు ఫోన్ చేసింది. పాపకు పటం కట్టించాలి, ఆ నవ్వే ఫోటోనే, ఉన్నది ఉన్నట్టు కట్టించు అంది. పెట్టేసిన కాసేపటికి అదే నంబరు నుంచి దాని అత్త చేసింది. చంటిబిడ్డకు పటమేమిటని ఇరుగుపొరుగు అంటున్నారట. అననీ, కట్టించుకోనీ, దాని తృప్తి దానిది అంది. కానీ ఆ చేతులు మాత్రం తీసేయాలంది.

నేను అత్త మాటే విన్నాను. పెద్దామె మాట కాదనలేక కాదు. చెల్లెలు అప్పటికే చిక్కి సగమైంది. దాని చేతులు ఉన్న పటానికి దండ వేయడం అనుకుంటేనే నాకు భయమేసింది. నమ్మకం ఉందో లేదో ఆ రోజు నాకు తెలిసింది.

ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేసుకుని కూర్చున్నాను. ఎంతమంది చేతులో తుడిచేసినదాన్ని, చెల్లెలి చేతుల దగ్గర మౌసు వదిలేసి చూస్తూ కూర్చున్నాను. దాని బొటనవేలు పాప ఛాతీ మీద ఆని ఉంది, అక్కడ గౌను ముడత పడి ఉంది. గోళ్ల సందుల్లో నూలుకు వేసిన రంగు. ఒక్కో వేలూ తీసేసి ఆ జాగాలో ఎర్ర పూలు పెట్టుకుంటూ వచ్చాను. ఆ ముడత కూడా సాపు చేశాను. ఏడుపు ఆపుకోలేకపోతుంటే మా ఆయన చూసి, లెయ్, నేను చేస్తాను అన్నాడు. మా చెల్లెలి చేతులు నువ్వెందుకు తీస్తావు అని కసిరాను. పాపం ఆయనేం చేశాడు. టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

పటం కట్టించి ఎమ్మిగనూరుకు తీసుకుపోయాను. పాప ఒక్కతే కూర్చుని నవ్వుతోంది. ఎక్కడా అతుకు కనిపించదు, అంత బాగా కుదిరింది. అత్త కళ్లకద్దుకుంది. మరిది గోడకు మేకు కొట్టడానికి లేచాడు. చెల్లెలు పటం అందుకుని ఒళ్లో పెట్టుకుంది. పటాన్ని పట్టుకున్నట్టు పట్టుకోలేదు. కింద ఒక అరచెయ్యి, వెనకాల ఒక అరచెయ్యి వేసి పట్టుకుంది.

“దీన్ని ఎవురు పట్టుకున్యారక్కా?” అంది. “దానికి ఒగతే కూసునేది యాడొచ్చు? పడిపోదా?”

మరిది సుత్తి కింద పెట్టేసి బయటికి పోయాడు. నాకు ఒళ్లంతా కోపం పుట్టింది. ఎవరి మీద చూపించాలో తెలియక అత్త మీద పడ్డాను. నోటికొచ్చినట్టు అన్నాను. బిడ్డను మోసింది అది, కన్నది అది, నీ చాదస్తం కోసం ఆ చేతులు నరికించావు అన్నాను. అంత నోరున్న మనిషి నా మోచెయ్యి పట్టుకుని, చెల్లెలికి వినపడకుండా మగ్గం గది వెనక్కు తీసుకుపోయింది.

“ఒగదాన్ని మన్నులో పెట్టొస్తిమి,” అంది. “ఇది జూస్తే తింటాండ్లేదు, నిద్రపోతాండ్లేదు. దీని చేతులకు గూడా దండెయ్యమంటావామ్మా? నాకు భయమైతాంది.”

నా భయమే ఆమెదీ. ఇద్దరం ఆ గది వెనకాల నిలబడి ఏడ్చాం. పటాన్ని తిరిగి గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను.

ఆ బస్సులో మా అమ్మ గుర్తొచ్చింది. బతికున్నవాళ్లు ఉండకూడదు గానీ, పోయినవాళ్లు ఉంటే తప్పేముంది? మా అమ్మ పాప పుట్టకముందే పోయింది. నేను పెళ్లయిన కొత్తలో కెమెరా నేర్చుకుంటూ అమ్మను ఒక ఫోటో తీశాను. పత్తి మిల్లులో పని దిగి వస్తున్న మనిషిని అలాగే లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. జుట్టులో పత్తి పోగులు అలాగే ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అమ్మకు తెలియలేదు. పని లేకుండా ఉండి ఎరగని చేతులాయె. చివరికి రెండూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎవరో ఏదో ఇస్తారన్నట్టు కూర్చుంది. ఆ ఫోటో బాగా రాలేదని ఎవరికీ చూపించలేదు.

ఆ ఒళ్లో పాపను కూర్చోబెట్టాను. అదే షాపు, అదే నీలం తెర, అదే లైటు కాబట్టి వెలుతురు కలిసింది. అమ్మ చేతిని ఒకదాన్ని కొంచెం తిప్పి పాప నడుము దగ్గరికి తెచ్చాను. పాప నీడ అమ్మ చీర మీద పడేట్టు చేశాను. పత్తి పోగులు తీయబుద్ధి కాలేదు. పని అయ్యాక చూస్తే, అమ్మ ఎన్నాళ్లుగానో దాన్ని అలా ఎత్తుకుని కూర్చున్నట్టే ఉంది. ఒకరినొకరు చూసుకోనివాళ్లు కదా.

ప్రింటు వేయకముందే వచ్చి చూడమన్నాను. అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు. అత్త కంప్యూటర్ వైపు వంగి అమ్మ ముఖం చూసి, మా వదిన దగ్గరుందిలే, ఇంగ నాకు దిగుల్లేదు అంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది. చెల్లెలు నా కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్ తెర మీద అమ్మ చెయ్యి పాప నడుము పట్టుకున్న చోట వేలు పెట్టి చూసింది. గట్టిగా ఉందా లేదా అని చూస్తున్నట్టు ఉంది.

“అమ్మ బాగా పట్టుకునింది,” అంది. ముఖం కొంచెం విచ్చుకుంది. అన్ని వారాలకు దాని ముఖంలో ఆ మాత్రం వెలుగు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను. ఎప్పుడు ప్రింటు వేస్తావు, ఏ చెక్క ఫ్రేము అని అడిగింది. చెబుతున్నాను. అంతలో దాని చూపు అమ్మ పక్కన ఉన్న ఖాళీ మీద పడింది. అక్కడ ఏమీ లేదు, ఉత్త నీలం తెర.

“ఈ పక్క కోసెయ్యొద్దక్కా. ఇంత చోటు ఇడ్సిపెట్టు,” అంది.

“ఎందుకే?”

“రేపు నేను పోయినప్పుడు నన్ను ఈడ కూసోబెడ్దువు.”

బస్సులో పక్క సీట్లో తువ్వాలు వేసిపెట్టమని చెప్పినంత మామూలుగా చెప్పింది. కళ్లలో నీళ్లు కూడా లేవు. ఎవరికైనా జవాబు అప్పజెప్పందే ఊరుకోనిదాన్ని. సరేలే అన్నాను. అదే ఆశ్చర్యం, సరేలే అన్నాను.

వాళ్లను బస్సెక్కించి వచ్చి, షట్టరు సగం దించుకుని కూర్చున్నాను. ఆ నీలం తెరంతా కోసేశాను. అమ్మ మోచేతి దాకా కోశాను. అయినా ఒక మనిషి ఇరుక్కుని కూర్చోగలదేమో అనిపించింది. మోచెయ్యి కూడా పోయేట్టు కోశాను. రెండో పక్క కూడా అంతే చేశాను. ఫ్రేము కట్టే ఆయన, కొంచెం గాలాడేట్టు ఉంటే చూడను బాగుంటాదమ్మా అన్నాడు. నేను అడిగినట్టు కట్టు అన్నాను. పాపం, ఆయనకూ తగిలింది నా నోరు.

పటం తీసుకుని నేనే ఎమ్మిగనూరుకు పోయాను. మరిది గోడకు తగిలించాడు. అత్త దండ వేసింది. అందరూ మొక్కి పక్కకు జరిగాక చెల్లెలు దగ్గరికి పోయి చూసింది. ఈ పక్క చూసింది, ఆ పక్క చూసింది. చెక్క అంచుకు అమ్మ భుజాలు ఆని ఉన్నాయి.

“నాకు చోటు లేకుండా చేస్తివి గదక్కా,” అంది.

“చేసినాను,” అన్నాను.

చెల్లెలు పోయి మగ్గం పక్కన నేల మీద కూర్చుంది. నేను వంటింట్లోకి పోయి, కంచంలో అన్నం, పప్పు వేసుకుని వచ్చి దాని ముందు కూర్చున్నాను. కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. తల తిప్పుకుంది. అది తిప్పిన వైపే నేనూ చెయ్యి తిప్పాను. చాలాసేపు నోరు తెరవలేదు. నేను చెయ్యి దించలేదు.