అక్క కీ ఇచ్చిన వాచీ

అక్క పోయిందని నాకు ముషైరిబ్ బజార్లో తెలిసింది. మేడమ్ షాపింగ్ ముగించుకొని అప్పుడే కారెక్కింది. ఇంటి నుంచి వంటాయన ఫోన్ చేశాడు. పొద్దున గుండెల్లో పట్టేసినట్టుందని అక్క చెబితే, మేడమ్ గ్యాస్ బిళ్ళ ఇచ్చి, అతిథులు వెళ్ళాక ఆసుపత్రికి పోవచ్చు అందట. అక్క వంటగదిలోనే కూలబడింది. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. నేను విషయం చెప్పాక మేడమ్ సంచులు పక్క సీట్లో సర్దుకుంది. తర్వాత, "మరి రాత్రి వడ్డించేదెవరు?" అని అడిగింది.

ఆమె నా తోడబుట్టింది కాదు. ఆమెది కోనసీమ, నాది రాయచోటి పక్క పల్లె. ఈ ఎడారి దేశంలో, అల్ వుకైర్‌లో, ఒకే అరబ్బుల ఇంట్లో ఆమె పనిమనిషి, నేను డ్రైవర్ని. వచ్చిన కొత్తలో నేను తిట్లు తిని, ముద్ద ముట్టకుండా కూర్చుంటే పళ్ళెం తెచ్చి తలుపు దగ్గర పెట్టేది. "ముందు తినేసి పడుకో తమ్ముడూ. తెల్లారేదాకా ఆ కోపం ఉంటే అప్పుడు చూద్దువుగాని," అనేది. చాలాసార్లు ఉండేది కాదు.

ఆమె అసలు పని మేడమ్ తల్లిని చూసుకోవడం. ఇక్కడ అమ్మను మామా అంటారు; మేమంతా ఆవిడను పెద్ద మామా అనేవాళ్ళం. చూపు పోయిన మనిషి. పెళ్ళినాటి బంగారు వాచీ ఒకటుండేది ఆవిడకు. గోరంత డయలు, చుట్టూ వజ్రాలు. అక్క రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చి ఆవిడ చెవి దగ్గర పెట్టేది. టిక్కుటిక్కు వినపడితేనే ఆవిడ టీ ముట్టేది. మంచాన పడ్డాక ఒకరోజు, కూతురి ఎదుటే, తడుముకుంటూ ఆ వాచీని అక్క చేతికి పెట్టింది. "ఇక నీదే," అంది. మేడమ్ నవ్వి, "అలాగే అమ్మా," అంది.

పెద్ద మామా పోయాక, పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు ఇంకా హాల్లో ఉండగానే మేడమ్ అక్కను పిలిచింది. నేను ఖర్జూరాల పెట్టెలు గుమ్మంలో దించుతున్నాను.

"అది తియ్," అంది మేడమ్, అక్క చేతి వాచీ చూపిస్తూ.

పనికి చేతులు వాచి కొక్కెం ఊడి రాలేదు. "ఒక్క నిమిషం మేడమ్, సబ్బు రాసుకుని తీసేత్తాను," అంది అక్క.

మేడమ్ ఆగలేదు. పట్టుకుని లాగేసింది. తోలు లేచి రక్తం కారింది. నాకు అన్నం పెట్టిన చెయ్యి అది. ఒకావిడ కాఫీ కప్పు పక్కన పెట్టి, రాళ్ళేమైనా ఊడాయేమోనని వాచీని తిప్పి తిప్పి చూసింది.

మర్నాటి నుంచి ఆ వాచీ మేడమ్ పెట్టుకుంది. కీ ఇవ్వడం మాత్రం అక్కకే పురమాయించింది. కట్టు కట్టిన చేత్తోనే అక్క కీ ఇచ్చి, కాఫీ పళ్ళెంలో పెట్టి అందించేది. చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఏమిటికక్కా నీకీ కర్మ? ఒగ దినం గట్టిగా తిప్పి ఇరగ్గొట్టు," అన్నాను.

"ఊరుకో తమ్ముడూ. ఆమె కోసం ఇత్తన్నానా ఏంటి? అది ఆగిపోతే పెద్దావిడ మళ్ళీ చచ్చిపోయినట్టుంటాది నాకు."

అక్క తను పోయిన రోజు పొద్దున కూడా కీ ఇచ్చిందని వంటాయన చెప్పాడు.

అక్క శవపెట్టె విమానంలో ఊరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాచీకి ఎవరూ కీ ఇవ్వలేదు. మేడమ్ దాన్ని అలాగే విందులకు పెట్టుకెళ్తుంది. ఆమె టైమ్ చూసుకునేది ఎప్పుడూ ఫోన్లోనేనని నాకు అప్పుడుగానీ తట్టలేదు.

కొత్త మనిషిని తీసుకురమ్మని నన్ను ఎయిర్‌పోర్టుకు పంపారు. ఆమెది కూడా గోదావరి పక్కే. కారెక్కగానే, "అన్నయ్యా, ఆ ఇంట్లోవాళ్ళు మంచోళ్ళేనా అండీ?" అని అడిగింది.

"బెల్టు పెట్టుకోమ్మా," అన్నాను.

పెట్టుకుంది. మళ్ళీ అడగలేదు. ఎండలో మెరుస్తున్న అద్దాల మేడలు కనబడగానే ఫోన్ తీసి కిటికీకి ఆనించి, "చిన్నీ, సూడు సూడు... అమ్మ వచ్చేసింది," అంటూ వీడియో తీసుకోసాగింది.