నాగేంద్రమ్మ పేరు మీద ఉన్న ఇల్లు

ఏడేళ్ళుగా ఒక ఇంటిని మోస్తున్నాను. నవ్వకండి. సూటిగా మొదలుపెట్టడం చేతకాక ఇలా అంటున్నాను. ఆ ఇంటికి పునాది లేదు, గోడలు లేవు. గవర్నమెంటు లెక్కలో మాత్రం నిక్షేపంగా ఉంది. స్లాబు పడింది, తలుపులు పెట్టారు, రంగు కూడా వేశారు. దాన్ని కట్టింది నేనే. ఒక్క ఇటుక పేర్చకుండా, చేతిలో ఫోనుతో కట్టాను.

నా పేరు ఇక్కడ రాయను. మీరెవరో నాకు తెలియదు, తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్ళ ముందు నోరు పెగలదు. మా ఆయనకి చెబుదామని ఎన్నిసార్లు కూర్చున్నానో, చివరికి కూర మాడిందనో, గ్యాస్ అయిపోవచ్చిందనో మాట మార్చి లేచిపోయాను. ఆయన పాపం నిజమే అనుకుని గ్యాస్ బుక్ చేసేవాడు.

మాది బందరు. సివిల్ డిప్లొమా చదివాను. పేదల ఇళ్ళ పథకంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా, ఔట్‌సోర్సింగ్ మీద, దివిసీమలో ఒక మండలంలో పనిచేసేదాన్ని. పొద్దున్నే బస్సెక్కి, చల్లపల్లిలో ఇంకో బస్సు మారి వెళ్ళాలి. పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఎవరి ఇల్లు ఎంతవరకు లేచిందో చూసి, గోడ మీద ఆ మనిషి పేరు రాసి, ఆ మనిషిని దాని పక్కన నిలబెట్టి ఫోటో తీసి పంపాలి. పునాదికి ఒకటి, గోడలకి ఒకటి, స్లాబుకి ఒకటి, అంతా అయ్యాక ఒకటి. ఆ నాలుగు ఫోటోలూ పైకి వెళితే ఆ మనిషికి ఇల్లున్నట్టు. ఫోటో చూసేవాళ్ళే గానీ ఊరు వచ్చి ఇల్లు చూసేవాళ్ళు తక్కువ.

నాగేంద్రమ్మ కాలవగట్టు మీద తాటాకు పాకలో ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నాట్లకీ కలుపుకీ వెళ్ళేది, పొలం పనుల్లేనప్పుడు రొయ్యల చెరువుల మీద పనికి పోయేది. అప్పటికే అరవైకి దగ్గరపడింది. ఆమెకి ఇంటి పట్టా వచ్చింది, సెంటున్నర. ఊరికి పల్లపు వైపు పొలం తీసుకుని లేఅవుట్ వేశారు, అందులో మూడో వరస, అదే ఆఖరిది. ఆ వరసకి మెరక పోయలేదు. పంచాయతీ నిధులతో మట్టి తోలి లేఅవుట్ అంతా మెరక చేసినట్టు కాగితాల్లో ఉంది. తోలలేదని అనను. పెద్దవాళ్ళు వచ్చి కొబ్బరికాయ కొట్టిన చోట, ముందు రెండు వరసలకి తోలారు. ఆఖరి వరసలో మోకాలి లోతు నీళ్ళు, జమ్ము. అక్కడ ఎవరైనా ఇల్లు కట్టగలరా? ఆ మట్టి ఏమైందో నేను అడగలేదు. నాకెందుకులే అనుకున్నాను. ఎవరెవరు ఏం తిన్నారో ఇప్పుడు చెప్పుకొస్తే నా తప్పు దాని పక్కన చిన్నదైపోతుంది, అందుకని వాళ్ళ సంగతి వదిలేస్తున్నాను.

ఒక నెలాఖరుకి పైనుంచి ఆర్డరు వచ్చింది. గడువులోగా పని మొదలుపెట్టని ఇళ్ళు రద్దు. మీటింగులో మా పేర్లన్నీ తెర మీద వేసేవారు, వెనకబడ్డవాళ్ళవి ఎర్ర గడిలో. మూడు వారాలుగా నాది ఎర్ర గడే. "ఈ వారం కూడా ఇంతే అయితే ఆవిడ ప్లేసులో ఇంకెవర్నన్నా చూడండి" అన్నారు మా పై ఆఫీసరు, నేను ఎదురుగా ఉండగానే, నా వైపు చూడకుండా. తల కొట్టేసినట్టయింది. మా అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి. మా ఆయనది రోల్డ్‌గోల్డ్ పని, ఉన్నన్నాళ్ళు ఉంటుంది, లేనన్నాళ్ళు ఉండదు. ఇదంతా మీకెందుకు చెబుతున్నాను? జాలి పడమనా? అవును, కొంచెం అందుకే.

మర్నాడు నాగేంద్రమ్మని లేఅవుట్‌కి రమ్మన్నాను. రెండో వరసలో ఒకాయనది పునాది పూర్తయి ఉంది. ఆ స్థలానికీ ఈమె స్థలానికీ మధ్య నలభై అడుగులుంటాయేమో, ఫోటో ఎక్కడ తీశామో ఫోను నమోదు చేస్తుంది గానీ, ఆ కాస్త తేడా పట్టుకోదు. ఇళ్ళన్నీ ఒకటే ప్లాను కాబట్టి ఎవరి పేరు రాస్తే వాళ్ళది. దాని ముందు నిలబడి ఫోటో దిగితే జాబితాలోంచి పేరు పోదని చెప్పాను. అందులో అబద్ధం లేదు. లేదు కాబట్టే అంత సులువుగా చెప్పగలిగాను. ఆమె ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. నేను చాక్‌పీసుతో పునాది గోడ మీద పేరు రాశాను. ఆమెకి చదువు రాదు. వంగి అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇది నా పేరేనా అమ్మాయ్?"

"నీ పేరే పిన్నీ."

"మరి ఇల్లు ఆళ్ళది గదా?"

"ఫోటో వరకే. మెరక పోశాక నీ చోట్లో నీకు కడతారు."

"అట్టాగే. నువ్వు చెప్తన్నావుగా."

ఫోటోలో నవ్వింది కూడా. అది బాగా వచ్చిందో లేదో నేను ఫోనులో చూసుకుంటుంటే, ఆమె చెంగు నీళ్ళలో తడిపి ఆ గోడ తుడుస్తోంది. ఎందుకు పిన్నీ అంటే, "ఆళ్ళ గోడ మనం పాడు చెయ్యకూడదు గదమ్మా" అంది. తన పేరు తన చెంగుతో తానే తుడిచేసింది. పక్కన నిలబడి ఆ ఫోటో పైకి పంపించేశాను.

మొదటి ఫోటో ఆమె కోసమే తీశానని ఇప్పటికీ ఒక్కోసారి నమ్ముతాను. నిజంగా ఆమె కోసమేనా? ఎర్ర గడి లేకపోయి ఉంటే తీసేదాన్నా? సరే, మొదటిది ఆమె కోసమే అనుకోండి. మిగతా మూడూ ఎవరి కోసం? మొదలుపెట్టి ఆగిపోయిన ఇంటికి తనిఖీ వస్తుంది, తనిఖీ వస్తే పునాది ఎక్కడని అడుగుతారు, అందుకని ఆ ఇల్లు ఆగకూడదు. రెండో వరస ఆయన ఇల్లు ఎంత లేస్తే నాగేంద్రమ్మ ఇల్లూ అంత లేచింది. పిలిచిన ప్రతిసారీ పని మానుకుని వచ్చింది. మెరక ఎప్పుడు పోస్తారమ్మా అని ప్రతిసారీ అడిగింది, వచ్చే వేసవికి అని ప్రతిసారీ చెప్పాను. నాలుగోసారి ఆ ఇంటికి తలుపు కూడా పెట్టారు. లోపలికి తొంగిచూసి, వంటగది ఎటు వస్తుందో నన్ను అడిగి తెలుసుకుని వెళ్ళింది.

డబ్బు ఏమైందని అడుగుతారు. బిల్లు ఆమె ఖాతాలోనే పడేది. కట్టిపెడతానని ఒప్పుకున్న మేస్త్రీ సామాను కొనాలంటూ ఆమె చేత వేలిముద్ర వేయించి తీసుకునేవాడు. ఆ తర్వాత అతను ఊళ్ళో కనబడలేదు. నేను పైసా ముట్టలేదు. ఈ మాట నాకు నేనే గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. నెలనెలా ఇంటికి తెచ్చుకున్న జీతం ఏమిటి మరి? దాన్ని ఏమనాలి?

ఆ ఏడాది చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళాను. మా దగ్గర సాక్ష్యం చెప్పడమని ఉంటుంది. దేవుడు తనకి చేసిన మేలు లేచి నలుగురిలో చెప్పాలి. పాస్టరమ్మగారు నన్ను లేవమన్నారు. లేచాను. పోబోయిన ఉద్యోగాన్ని దేవుడు నిలబెట్టాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. దేవుడా నిలబెట్టింది? చెంగు తడుపుకున్న ఆ ముసలామె కదా. మా ఆఫీసులో ఆ ఫోటోలని కూడా సాక్ష్యం అనే అంటాం, ఇల్లు కట్టారనడానికి సాక్ష్యం. ఇంటికి వెళ్ళే దారిలో అది తట్టింది. ఆ తర్వాత పాస్టరమ్మగారు ఎప్పుడు లేవమన్నా గొంతు బాగాలేదని తప్పించుకుంటూ వచ్చాను. ఈ ఏడేళ్ళలో ఆవిడ నాకు ఎన్ని రకాల కషాయాలు చెప్పారో లెక్కలేదు.

తర్వాత నన్ను గుడివాడ వైపు వేశారు. హమ్మయ్య అనుకున్నాను. దివిసీమ వైపు వెళ్ళే అవనిగడ్డ బస్సు కనబడితే ముఖం తిప్పేసుకునేదాన్ని. నాగేంద్రమ్మ కొత్త జాబితాకి రెండుసార్లు దరఖాస్తు పెట్టిందనీ, రెండుసార్లూ "ఇల్లు ఉంది" అని తిరిగొచ్చిందనీ అక్కడి సచివాలయంలో పనిచేసే అమ్మాయి ఫోనులో మాటల మధ్య చెప్పింది. ఎక్కడో తప్పు పడి ఉంటుందిలే అన్నాను. ఎంత బాగా అన్నాను ఆ మాట. తప్పు దానంతట అదే పడినట్టు, నాకు సంబంధం లేనట్టు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం తలుపు తీసేసరికి నాగేంద్రమ్మ నిలబడి ఉంది. ఎవరెవర్ని అడిగి మా ఇల్లు కనుక్కుందో. బాగా చిక్కిపోయింది. కాలవ వెడల్పు చేస్తారట. గట్టు మీద పాకలకి నంబర్లు వేసి వెళ్ళారు. ఇల్లు లేనివాళ్ళకి వేరేచోట స్థలం చూపిస్తారు, ఇల్లున్నవాళ్ళు గడువులోగా తమ ఇంటికి తాము వెళ్ళిపోవాలి. నోటీసు నా చేతిలో పెట్టింది.

"నాకు ఇల్లుందంటన్నారమ్మాయ్. కంప్యూటర్లో ఫోటో చూపిచ్చారు. నేనే. అదెక్కడుందో నువ్వు చూపిస్తే పోయి అక్కడుంటా."

ఎత్తిపొడుపు కాదు. అలా అయినా బాగుండేది. నిజంగానే అడిగింది. ఎక్కడో తన ఇల్లు కట్టేశారనీ, తనకి చెప్పడం మరిచిపోయారనీ అనుకుంది. ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పానా? కంప్యూటర్లో ఏదో తప్పు పడింది పిన్నీ, కనుక్కుంటాను అన్నాను. మజ్జిగ ఇచ్చాను. బస్సు ఛార్జీ ఇవ్వబోతే వద్దంది. నువ్వున్నావు కదా, ఇంక నాకు బెంగ లేదు అని చెప్పి వెళ్ళింది.

ఆ మాట తర్వాత నాకు అన్నం సహించలేదు. ధైర్యం వచ్చిందని అనుకోకండి, ధైర్యం కాదిది. భయం. గడువు దగ్గరపడుతోంది. పాక పీకేస్తే ఆమె ఎక్కడికి వెళుతుంది? నేను కట్టిన ఇంట్లోకి వెళ్ళి పడుకుంటుందా? పొద్దున లేస్తే ఇదే ఆలోచన, బస్సులో ఇదే, రోట్లో పచ్చడి నూరుతున్నా ఇదే. చెబితే ఉద్యోగం పోతుంది, కేసు పెడతారేమో, మా అమ్మాయి ఇంటరు చదువుతోంది, దాని ముందు ఏ మొహం పెట్టుకుని తిరగను? చెప్పకపోతే ఏమీ కాదు. నాకేమీ కాదు. ఏడేళ్ళుగా నాకేమీ కాలేదు, అసలు బాధ అదే.

శనివారం మా ఆయనకి చెప్పాను. ఈసారి కూర మాడనిచ్చాను. ఆయన చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆదివారం చర్చి మానేసి దివిసీమ వెళ్ళాను. నాగేంద్రమ్మ పాక ముందు నిలబడి మొత్తం చెప్పాను, నాలుగు ఫోటోలూ, వాటి వల్ల ఏమైందీ, ఒక్కటీ దాచకుండా. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. కూర్చోమనలేదు, నా ముఖం వైపు చూడలేదు. చివరికి ఒకటే అడిగింది.

"ఈ ముక్క ఆళ్ళ ముందర చెప్తావా?"

చెబుతానన్నాను. అప్పుడు ఇల్లిస్తారా అంది. తెలియదు పిన్నీ అన్నాను. ఏడేళ్ళలో ఆమెతో దాపరికం లేకుండా అన్న మాటలు ఇవే.

ఇప్పుడు కూడా తెలియదు. మీరు మాత్రం నన్ను క్షమించానని అనకండి, అనడానికి మీరెవరు? ఆమె అనలేదు, అనమని అడిగే హక్కు నాకు లేదు. గడువు ఇంకా పదకొండు రోజులుంది. ఆ లోపల ఆ రికార్డు మారుతుందా, మారకముందే వచ్చి పాక పీకుతారా, ఎవరూ చెప్పలేకపోతున్నారు.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. పొద్దున్నే ఇద్దరం వెళ్ళి లైన్లో నిలబడ్డాం. ఆమె తొలి బస్సుకే బందరు వచ్చేసింది, నోటీసు చెంగున ముడేసుకుని. మా వంతు వచ్చింది. కౌంటర్లో కుర్చీలో ఉన్నాయన నాగేంద్రమ్మ వివరాలు టైపు చేసుకుని, ఫిర్యాదు ఎవరి మీద అని అడిగాడు. నా పేరు చెప్పాను.

"అర్జీ రాసినవాళ్ళ పేరు కాదండీ. ఎవరి మీదా అని."

"నా మీదేనండీ. ఈవిడకి ఇల్లు లేదండీ. ఉందని దొంగ ఫోటోలు పెట్టింది నేనే."

ఆయన టైపు చెయ్యడం ఆపి తలెత్తి చూశాడు. గుండెల మీంచి ఏదో దిగినట్టే ఉంది, అది ఒప్పుకోవడానికి కూడా సిగ్గేసింది. పక్కన నాగేంద్రమ్మ మోచేత్తో నన్ను పొడిచింది.

"మళ్ళీ చెప్పు. ఆయన రాసుకోవాలిగా."

మళ్ళీ చెప్పాను.