పచ్చసొన రాసుకున్న పెళ్లికూతురు

థెక్లా నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు డ్రెస్డెన్‌లో ఎవరూ లేరు. నిద్రలో కూడా ఏదో వాగుతుందని పక్కమంచం పిల్లలు మొత్తుకునేవాళ్లు. ఏట్లో పొగపడవలు, గట్టున రైళ్లు, తీగల మీద కబుర్లు, అన్నీ కొత్తగా వచ్చిపడ్డ రోజులవి. వాటన్నిటికన్నా జనానికి ఫోటోల పిచ్చి ఎక్కువ పట్టింది. ఫోటో కాగితం నిగనిగలాడాలంటే దానికి కోడిగుడ్డు తెల్లసొన పట్టించాలి. అంచేత ఆ ఊళ్లో ఒక ఫ్యాక్టరీ నిండా ఆడవాళ్లకి పొద్దస్తమానం గుడ్లు కొట్టడమే పని. థెక్లా కూడా అక్కడే. గుడ్డు ఠక్కున కొట్టి, తెల్లసొన తొట్టిలోకి జార్చి, పచ్చసొన పక్క కుండలో పడేసేది. చేతులన్నా అలుపు తీర్చుకునేవి గానీ నోరు ఆగేది కాదు.

ఆ పచ్చసొన కొనుక్కుపోడానికి రొట్టెల బట్టీ లెబ్రెష్ట్ వచ్చేవాడు, కేకుల్లో వేసుకోడానికి. ఓ కుండ పట్టుకెళ్లాల్సిన వాడు థెక్లా కబుర్లు వింటూ గంటసేపు నిలబడేవాడు. ఇంకేముంది, పెళ్లి కుదిరింది.

అంతా బానే ఉంది గానీ థెక్లాకి ఒకటే బెంగ. వాళ్లమ్మ కొండల్లో ఉంటుంది. కాళ్లు పడిపోయి మంచం దిగలేదు, పెళ్లికి రాలేదు. తండ్రి బతికున్నన్నాళ్లూ ఆ అడవిలోనే కట్టెలు కాల్చి బొగ్గులు చేసేవాడు. పట్నం పంపేటప్పుడు ఆ తల్లి, "పట్నం నీళ్లు నిన్ను తెల్లగా ఉతికేస్తాయే. రేపు నా ముందు నిలబడ్డా పోల్చుకోలేను" అంది. నవ్వుతూ అన్నదే. అయినా ఆ మాట పిల్ల మనసులో అలాగే గుచ్చుకుని ఉండిపోయింది.

ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. పెళ్లయి వెళ్లే పిల్లకి ఒక ఫోటో తీయిస్తారు, ఆ పిల్ల చేతి కాగితం మీదే. ఒక్కటంటే ఒక్కటే, బాగున్నా బాగోకపోయినా. అదే అమ్మకి పంపాలి, అమ్మ తనని పెళ్లిబట్టల్లో చూడాలి. థెక్లా పగలూ రాత్రీ అదే జపం.

ఫోటో రోజు పొద్దున్నే బల్ల దగ్గరి పెద్దామె ఉర్సెల్ పిల్లని పక్కకి లాగింది. "ఏమే పిల్లా, పాలిపోయిన మొహం వేసుకుని పోతావా? పచ్చసొన పల్చగా రాసుకో. కడక్కు. బంగారంలా ఉంటావు" అంది. ఊరందరి మొహాలకీ కాగితం చేసే ఆడవాళ్లే గానీ, వాళ్లలో ఫోటో తీయించుకున్నవాళ్లు ఎంతమందని? అందరూ తలలూపారు. నుదుటికీ, బుగ్గలకీ, ముక్కుకీ తలా ఒక వేలు పూశారు. నిజంగానే మెరిసింది.

అక్కడి పెళ్లికూతుళ్లు వేసుకునే నల్లగౌను, తలమీద ఆకులదండ, తల కదలకుండా మెడ వెనకాల ఇనపకొమ్ము. ఫోటో ఆయన ఊపిరి కూడా మెల్లగా తీసుకోమన్నాడు. థెక్లా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుంది. అమ్మ కోసం మరి.

కాగితం అచ్చయి వచ్చాక చూస్తే ఏముంది? బుగ్గలు నలుపు, ముక్కు నలుపు, నుదుటి మీద నాలుగు వేళ్ల మసి. ఫోటో పడే గాజుపలక మీది మందుకి పసుపు కూడా నలుపేనని ఫోటో ఆయన అప్పుడు చెప్పాడు. ముందే చెప్తే ఆయన సొమ్మేం పోయేదో. మేస్త్రీ చూసి, పొగగొట్టాలు తుడిచేవాణ్ణి చూస్తే అదృష్టం అంటారుగా, వీళ్లింట్లో రోజూ అదృష్టమే అన్నాడు. ఉర్సెల్ ఆ పూటంతా ఎవరి మొహమూ చూడకుండా గుడ్లు కొట్టింది.

థెక్లా ఫోటో తీసుకెళ్లి బట్టీలోని పిండిడబ్బాలో దాచేసింది. లెబ్రెష్ట్‌కి అది దొరికింది. పిండి దులిపి చూసి, నవ్వు ఆపుకుని, పంపేద్దామన్నాడు.

"మసి మొహం పంపిస్తే మా అమ్మ ఏమనుకుంటుందయ్యా? ముందే పోల్చుకోలేనంది."

"ఏమీ పంపకపోతే ఏమనుకుంటుంది?"

కొండల్లోంచి చెక్కబొమ్మలు తెచ్చి అమ్ముకునే ముసలాయన తిరిగి వెళ్తుంటే, థెక్లా మూతి ముడుచుకునే ఫోటో అతని చేతికిచ్చింది.

పెళ్లయిపోయింది. బట్టీ పని మొదలెట్టింది. వీధిలో ఎవరు తట్టమోసుకుని పోయినా తొంగిచూసేది. చివరికి ముసలాయన వచ్చాడు. వచ్చినవాడు ముందు రొట్టె తిన్నాడు, ఇంకోటి అడిగాడు, అప్పుడు చెప్పాడు.

"మీ అమ్మ దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చూసింది, ఏడ్చింది, నవ్వింది. చిన్నప్పుడు నా కూతురు బొగ్గుల దగ్గర ఆడుకుని సాయంత్రం సరిగ్గా ఇదే మొహంతో ఇంటికొచ్చేదంది. వాళ్ల నాన్న కూతురు వీసమెత్తు మారలేదంది. తెల్లగా కడిగిన మొహం పంపించి ఉంటే, ఈ దొరసాని ఎవరని అడిగేదాన్నంది."

థెక్లా పిండిచేతులతో అలాగే నిలబడిపోయింది. ఒక్క మాట లేదు. లెబ్రెష్ట్ కాసేపు చూశాడు, ఇంకాసేపు చూశాడు. పెళ్లానికి ఏదో అయిపోయిందని హడిలిపోయి మంచినీళ్లకి పరిగెత్తాడు.